పుట్టుకతో రావాలంటారు, నిజమేనా? పార్కర్, కోల్ట్రేన్, లెస్టర్ యంగ్ రికార్డుల మీద చర్చ

కృష్ణలంక_శ్రోత · శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాసింది తక్కువ. ఈరోజు మనసు బాగోలేక రాస్తున్నాను.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఏడాదిన్నరగా ఆల్టో శాక్సఫోన్ నేర్చుకుంటోంది. ఇంట్లో నేను పెట్టుకునే జాజ్ విని తనే అడిగింది, నేను బలవంతపెట్టలేదు. నిన్న క్లాసు అయ్యాక మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "పిల్ల కష్టపడుతుంది సార్, కానీ ఇది పుట్టుకతో రావాలి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది కదా. ఊరికే ఫీజు దండగ" అన్నారు. ఆయన నా మంచికే చెప్పాననుకున్నారు. కానీ పిల్ల తలుపు దగ్గరే ఉంది, వినేసింది. ఇంటికొచ్చేదాకా స్కూటర్ మీద ఒక్క మాట మాట్లాడలేదు.

రాత్రి నేను చార్లీ పార్కర్ ఆల్టో మీద వాయించిన 'కో-కో' వింటుంటే పక్కన కూర్చుంది. అయిపోయాక అడిగింది: "ఈయన పుట్టగానే ఇలా వాయించేశాడా నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. నన్ను ఓదార్చమని అడగట్లేదు. మీరంతా నాకంటే ఎక్కువ విన్నవాళ్ళు. పుట్టుకతో వచ్చిన విద్య అని మనం చెప్పుకునే వాళ్ళ రికార్డుల్లో నిజంగా ఏం వినిపిస్తుందో చెప్పండి. రేపు దానికి వినిపిస్తాను.

పాత_ఎల్పీలు · శనివారం రాత్రి 11:05

శ్రోత గారూ, అమ్మాయి సరైన మనిషి గురించే అడిగింది.

1936లో కాన్సాస్ సిటీలో రెనో క్లబ్ అని ఉండేది. కౌంట్ బేసీ బ్యాండ్ అక్కడే వాయించేది. తెల్లవార్లూ జామ్ సెషన్లు జరిగేవి, ధైర్యం ఉన్నవాడు ఎవడైనా స్టేజీ ఎక్కొచ్చు. పార్కర్‌కి అప్పటికి పదిహేనేళ్ళు. ఎక్కాడు, వాయిస్తూ వాయిస్తూ మధ్యలో దారి తప్పాడు. డ్రమ్స్ మీద ఉన్న జో జోన్స్ తన సెట్‌లోని ఇత్తడి తాళం (సింబల్) ఒకటి ఊడదీసి అతని కాళ్ళ దగ్గర పడేశాడు. దిగిపొమ్మని దానర్థం. అందరూ నవ్వారు.

1937 వేసవిలో ఓజార్క్ కొండల్లో ఒక రిసార్టులో వాయించే పని దొరికితే, టెనర్ శాక్సఫోన్ వాయించే లెస్టర్ యంగ్ సోలోలున్న బేసీ రికార్డులు వెంట పట్టుకెళ్ళాడు. అక్కడే కూర్చుని ఒక్కో సోలో స్వరం స్వరం పట్టుకున్నాడు. తిరిగొచ్చినప్పుడు, నవ్విన వాళ్ళే నోరు తెరుచుకుని విన్నారు.

తర్వాత 1954లో పాల్ డెస్మండ్ ఆయన్ని రేడియోలో ఇంటర్వ్యూ చేశాడు. డెస్మండ్ కూడా ఆల్టో వాయించేవాడే, 'టేక్ ఫైవ్' కట్టింది ఈయనే. ఆ వేగం, ఆ పట్టు నీకు ఎలా వచ్చాయని అడిగితే, మూడు నాలుగేళ్ళ పాటు రోజుకి 11 నుంచి 15 గంటలు సాధకం చేశానని పార్కర్ చాలా మామూలుగా చెప్పాడు. ఆ హోరు భరించలేక, ఇల్లు ఖాళీ చేయమంటామని ఇరుగుపొరుగు వాళ్ళు వాళ్ళమ్మని బెదిరించారట. ఆ టేపు దొరుకుతుంది, అమ్మాయికి ఆయన గొంతులోనే వినిపించండి.

ఇక మీరు విన్న 'కో-కో'. 1945 నవంబర్ 26న న్యూయార్క్‌లో సవోయ్ కంపెనీకి రికార్డు చేశారు. 'చెరోకీ' అనే పాట కార్డ్స్ (కలిపి మోగే స్వరాల వరస) మీద కట్టిన ముక్క అది. మొదటి టేక్‌లో వాళ్ళు 'చెరోకీ' వరసే ఎత్తుకోబోతే మధ్యలో ఆపించారు, ఆ ముక్క కూడా రికార్డుల్లో మిగిలింది. ఆ రోజు స్టూడియోలో పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఒకడున్నాడు, మైల్స్ డేవిస్. 'కో-కో' మొదట్లో వచ్చే ఆ బిగువైన భాగం తన వల్ల కాదన్నాడు. అందుకే ఆ ట్రంపెట్ డిజ్జీ గిలెస్పీ వాయించాడు. మైల్స్ డేవిస్ అంతటివాడు "నా వల్ల కాదు" అన్న రోజుని అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

ట్రేన్‌పిచ్చి · ఆదివారం ఉదయం 7:40

ఎల్పీల గారి మాట కాదనను. కానీ పుట్టుకతో వచ్చేది అసలు లేదంటే నేను ఒప్పుకోలేను. ఎరల్ గార్నర్‌ని వినండి.

1921లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. మూడేళ్ళకే పియానో దగ్గర చేరాడు. జీవితాంతం నొటేషన్ చదవడం నేర్చుకోలేదు. పొట్టిగా ఉండేవాడు, టెలిఫోన్ డైరెక్టరీల మీద కూర్చుని వాయించేవాడు. నొటేషన్ చదవడం రాదని పిట్స్‌బర్గ్ సంగీతకారుల యూనియన్ అతన్ని చాలా ఏళ్ళు చేర్చుకోలేదు. అలాంటి మనిషి 1955 సెప్టెంబర్ 19న కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో వాయించింది 'కాన్సర్ట్ బై ద సీ'గా వచ్చింది. ఆ పియానో శ్రుతిలో లేదు, రికార్డింగ్ కూడా ఎల్పీ వేద్దామని చేసింది కాదు. అయినా జాజ్‌లో అత్యధికంగా అమ్ముడైన ఎల్పీల్లో ఒకటైంది.

పాట మొదలుపెట్టేముందు గార్నర్ వేరే ఏదో వాయిస్తున్నట్టు తిప్పుతాడు. ఏ పాట రాబోతుందో పక్కన బాస్, డ్రమ్స్ వాయించేవాళ్ళకి కూడా తెలియదు. ఉన్నట్టుండి అసలు పాటలోకి దూకుతాడు, జనం ఆనందం పట్టలేక చప్పట్లు కొడతారు. ఎడమ చెయ్యి గిటార్ మీటినట్టు నిక్కచ్చిగా లయ నడుపుతుంది, కుడి చెయ్యి దానికంటే రవ్వంత వెనక నడుస్తుంది. ఒకే మనిషిలో రెండు కాలాలు. దీన్ని ఏ క్లాసులో నేర్పుతారు?

మృదంగం_రామం · ఆదివారం ఉదయం 9:15

ట్రేన్ గారూ, మీ ప్రశ్నకి జవాబు మన దగ్గరే ఉంది. మాండలిన్ శ్రీనివాస్ గారు.

1969లో పాలకొల్లులో పుట్టారు. ఆరేళ్ళప్పుడు నాన్నగారు సత్యనారాయణ గారి మాండలిన్ తీసి వాయించడం మొదలుపెట్టారు. పిల్లవాడి చేతిలో ఏదో ఉందని తండ్రే ముందు కనిపెట్టారు. తర్వాత గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఇక్కడ అసలు సంగతి, సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని దాన్ని తీగ మీదకి దించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. తీగ మీద గమకం నిలవని చిన్న వాయిద్యం అది. గొంతులో వంపు ఎలా పోతోందో అలాగే తీగ మీద తెచ్చుకోవాలి, దారి తనే వెతుక్కోవాలి. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. శ్రోత గారూ, మీ ఊరికి అంత దగ్గర్లో.

1983లో, ఇంకా మీసాలు రాని వయసులో, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించారు. తర్వాత జాన్ మెక్లాఫ్లిన్‌తో, జాకిర్ హుస్సేన్‌తో 'రిమెంబర్ శక్తి'లో వాయించారు. పుట్టుకతో వచ్చిన విద్య అంటే ముందు నాకు గుర్తొచ్చేది ఆయనే. పూర్వజన్మ సుకృతం అని మా ఇంట్లో పెద్దవాళ్ళు అనేవారు. కానీ ఆ సుకృతం రోజూ ఒక గురువుగారి ఎదుట కూర్చుని, ఆయన పాడింది మళ్ళీ మళ్ళీ వాయించింది. రెండూ ఉన్నాయి, విడదీయలేను. నేను ముప్ఫై ఏళ్ళుగా మృదంగం వాయిస్తున్నాను, ఇప్పటికీ విడదీయలేను.

శారద_డాలస్ · ఆదివారం ఉదయం 10:02

బెర్లిన్ అనగానే నాకు ఎల్లా ఫిట్జెరాల్డ్ గుర్తొచ్చింది. 1960 ఫిబ్రవరి 13, బెర్లిన్ కచేరీ. 'మాక్ ద నైఫ్' పాడుతూ సగంలో సాహిత్యం మర్చిపోయింది. ఆగలేదు. మర్చిపోయానన్న సంగతినే అప్పటికప్పుడు పాటలో పెట్టి పాడింది, మధ్యలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు కూడా అనుకరించింది. లయ ఒక్క చోట కూడా జారలేదు. ఆ రికార్డుకి గ్రామీ వచ్చింది. ఎన్నిసార్లు విన్నా, ఆ మర్చిపోయిన చోటు దగ్గర నాకు గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

ఇది సహజం కాదా అంటే, సహజమే. కానీ 1934కి వెళ్ళండి. హార్లెమ్‌లో అపోలో థియేటర్, కొత్తవాళ్ళ పోటీ. ఎల్లాకి పదిహేడేళ్ళు. డాన్స్ చేద్దామని వెళ్ళింది. తన ముందు డాన్స్ చేసినవాళ్ళు అద్భుతంగా చేసేసరికి భయపడి, చివరి నిమిషంలో పాట పాడింది. ఏం పాడింది? వాళ్ళమ్మ రికార్డుల్లో విన్న కానీ బాస్వెల్ పాట, అచ్చం బాస్వెల్ పాడినట్టే పాడే ప్రయత్నం చేసింది. ఆ మాట ఎల్లానే చాలాసార్లు చెప్పింది. ముందు ఒకరిని మనసారా అనుకరించాకే ఆమెకి తన గొంతు దొరికింది.

ఇంకొకటి. బిల్లీ హాలిడే గొంతు విస్తీర్ణం ఒక స్థాయికి కాస్త పైన, అంతే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. 1957 డిసెంబర్‌లో టీవీలో పాడిన 'ఫైన్ అండ్ మెలో' చూడండి. లెస్టర్ యంగ్ లేచి నిలబడి ఒక చిన్న సోలో వాయిస్తాడు. ఎక్కువ స్వరాలు లేవు, ఎక్కడా తొందర లేదు. ఆయన వాయిస్తుండగా కెమెరా బిల్లీ ముఖం చూపిస్తుంది, ఆమె తల ఊపుతూ వింటుంది. అలా వినడం కూడా ఒక విద్యే. 1959లో నాలుగు నెలల తేడాతో ఇద్దరూ పోయారు.

తెల్లమెట్లు_నల్లమెట్లు · ఆదివారం మధ్యాహ్నం 2:30

అందరి మాటలూ చదివాను. నేను ఇంకో వైపు నుంచి చెప్పాలి. ఎవరినీ నొప్పించాలని కాదు.

నేను పదకొండేళ్ళ నుంచి ఇరవై ఆరేళ్ళ వరకు పియానో వాయించాను. విశాఖలో మా ఇంట్లో పొద్దున ఐదింటికి లేచేవాణ్ణి. పరీక్షలన్నీ పాసయ్యాను. ఏ పేజీ పెట్టినా తప్పు లేకుండా వాయిస్తాను. కానీ పేజీ తీసేస్తే నా చేతులు ఆగిపోతాయి. నా పక్కింటి కుర్రాడు, ఒక్క రోజు క్లాసుకి వెళ్ళనివాడు, సినిమా పాట ఒకసారి విని కీబోర్డు మీద కార్డ్స్‌తో సహా వాయించేవాడు. అది చూసి నేను ఏడ్చిన రోజులున్నాయి. కాబట్టి సాధనతో అన్నీ వస్తాయని పిల్లలకి చెప్పకండి. రాకపోతే, తప్పు నాదే, నేను సరిగ్గా కష్టపడలేదు అనుకుంటారు. ఆ బరువు నాకు తెలుసు.

బిక్స్ బైడర్బెక్‌ని చూడండి. ఐయొవా కుర్రాడు, కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే) సొంతంగా నేర్చుకున్నాడు, వేళ్ళు పెట్టే పద్ధతి కూడా అందరిలా కాదు. 1927 ఫిబ్రవరిలో చేసిన 'సింగిన్ ద బ్లూస్'లో ఒక్కో స్వరం గంట కొట్టినట్టు ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళకే పోయాడు. ఆయనకి ఉన్నది నాకు లేదు. ఇది ఒప్పుకున్నాకే నేను మళ్ళీ సంగీతం ప్రశాంతంగా వినగలిగాను.

కృష్ణలంక_శ్రోత · ఆదివారం రాత్రి 9:20

తెల్లమెట్లు గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంత నిజం రాసినందుకు కృతజ్ఞతలు. అమ్మాయికి తప్పుడు ఆశ పెట్టకూడదనే నేనూ అనుకుంటున్నాను.

ఈరోజు మధ్యాహ్నం పార్కర్ రేడియో టేపు వినిపించాను. రోజుకి 11 గంటలు అన్నచోట కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత రెనో క్లబ్ కథ చెప్పాను. "అందరూ నవ్వారా?" అని రెండుసార్లు అడిగింది.

ఇంకో సందేహం. మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' రిహార్సల్ లేకుండా ఒకే దెబ్బలో రికార్డు చేశారని చదివాను. అదీ సహజ ప్రతిభేనా?

పాత_ఎల్పీలు · ఆదివారం రాత్రి 10:48

1959 మార్చి 2, ఏప్రిల్ 22. రెండే రోజులు. న్యూయార్క్‌లో 30వ వీధిలో కొలంబియా స్టూడియో, అంతకుముందు అది చర్చి. పైకప్పు ఎత్తు, అందుకే ఆ రికార్డులో గదే ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. మైల్స్, కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, బాస్ మీద పాల్ చాంబర్స్, డ్రమ్స్ మీద జిమ్మీ కాబ్. పియానో బిల్ ఇవాన్స్, ఒక్క 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్'కి మాత్రం వింటన్ కెల్లీ. మైల్స్ తెచ్చింది పూర్తి పాటలు కాదు, గీతలు గీసినట్టు నాలుగు ముక్కలు. ఒక్కో ట్రాక్ చివరిదాకా వాయించిన మొదటిసారే ఎల్పీలో ఉంది. 'ఫ్లమెంకో స్కెచెస్' ఒక్కటే రెండుసార్లు పూర్తిగా వాయించారు.

అందులో 'సో వాట్' పాటలో పదహారు బార్లు (బార్ అంటే ఒక తాళం చుట్టు లాంటిది) ఒకే మోడ్, అంటే ఒకే స్వరాల వరస, ఎనిమిది బార్లు అర మెట్టు పైన, మళ్ళీ ఎనిమిది కింద. అంతే. వింటే తేలిక. కానీ ఆ తేలికకి రావడానికి ఆ గదిలో ఉన్న ఒక్కొక్కరూ ఎన్ని వందల రాత్రులు వాయించారో ఆలోచించండి. 'కో-కో' తన వల్ల కాదన్న కుర్రాడు పద్నాలుగేళ్ళ తర్వాత, తక్కువ స్వరాలతో, మధ్యలో ఎంత ఖాళీ వదలాలో తెలిసి వాయించాడు. పార్కర్ వేగం తనది కాదని మైల్స్‌కి తెలిసింది. తనది ఏదో వెతుక్కున్నాడు.

మైల్స్ సోలో మొదలయ్యే చోట జిమ్మీ కాబ్ పెద్ద తాళం మీద ఒక దెబ్బ కొడతాడు. చప్పుడు కొంచెం ఎక్కువైందేమో అని ఆయనకే అనిపించిందట. నాకు ఆ రికార్డు మొత్తంలో అదే ఇష్టం, అల ఒడ్డుకి వచ్చి విరిగినట్టు. ఇంకో మాట, మార్చి సెషన్‌లో టేపు మెషిన్ వేగం తేడా వల్ల ఎల్పీ మొదటి వైపు మూడు పాటలు శ్రుతి కాస్త పైకి వినిపించేవి. 1990ల్లో సరిచేశారు. శాక్సఫోన్‌తో కలిపి వాయించి చూడాలంటే అమ్మాయికి కొత్త ఎడిషన్ ఇవ్వండి, లేకపోతే శ్రుతి కలవక తప్పు తనదే అనుకుంటుంది.

ట్రేన్‌పిచ్చి · సోమవారం ఉదయం 6:55

రాత్రంతా తెల్లమెట్లు గారి మాటే తిరిగింది. గార్నర్ గురించి రాసి నేను ఆయన్నే ఇంకా బాధపెట్టానేమో. నా దేవుడి గురించి రాస్తాను.

జాన్ కోల్ట్రేన్ పందొమ్మిదేళ్ళప్పుడు, 1946 జులైలో, నౌకాదళంలో ఉండగా హవాయిలో తోటి నావికులతో కొన్ని పాటలు రికార్డు చేశాడు. అప్పట్లో ఆయన వాయించేది ఆల్టో. శ్రోత గారూ, మీ అమ్మాయి వాయిద్యమే. ఆ పాటలు తర్వాత చాలా ఏళ్ళకి బయటికొచ్చాయి. నేను మొదటిసారి విన్నప్పుడు, ఎవరో పార్కర్ అభిమాని కుర్రాడు కష్టపడుతున్నాడు అనుకున్నాను. పేరు చెప్పకపోతే ఈ భూమ్మీద ఎవరూ ఆ శాక్సఫోన్ కోల్ట్రేన్‌ది అనలేరు. తడబాటు ఉంది, వాక్యం మధ్యలో తెగిపోతుంది. పుట్టగానే పరిమళించే పువ్వు అయితే, ఆ రికార్డులో ఆ వాసన ఉండాలి కదా. నాకు తగల్లేదు.

అక్కడినుంచి 1959 మే, 'జయంట్ స్టెప్స్'. మధ్యలో పదమూడేళ్ళు. ఈ మధ్యలో మైల్స్ బ్యాండ్‌లో చేరాడు, 1957లో మత్తు అలవాటు వల్ల పోగొట్టుకున్నాడు, మానేశాడు, అదే ఏడాది న్యూయార్క్‌లో ఫైవ్ స్పాట్ అనే క్లబ్బులో పియానిస్టు థెలోనియస్ మంక్ పక్కన నెలల తరబడి వాయించాడు. ఇంట్లో, హోటల్ గదిలో, రెండు సెట్ల మధ్య విరామంలో కూడా సాధకమే.

'జయంట్ స్టెప్స్' పాటలో మూడు శ్రుతుల మధ్య కార్డ్స్ పరిగెడుతూ ఉంటాయి, కాలు పెట్టేలోపే నేల మారిపోతుంది. కోల్ట్రేన్ ఆ దారిలో ముందే ఎన్నోసార్లు నడిచాడు. పియానో మీద టామీ ఫ్లానగన్. ఆయన నెమ్మదైన పాట అనుకున్నాడంటారు. స్టూడియోలో ఆ వేగం. కోల్ట్రేన్ సోలో జలపాతంలా దూకుతుంది. తర్వాత ఫ్లానగన్ వంతు. కొన్ని బార్లు స్వరాలు వెతుకుతాడు, ముక్కలు ముక్కలుగా వాయిస్తాడు, చివరికి కార్డ్స్ మాత్రం పట్టుకుని నిలబడతాడు. ఫ్లానగన్ ఎల్లా పక్కన ఏళ్ళ తరబడి వాయించినవాడు, డెట్రాయిట్ ఇచ్చిన మహా సున్నితమైన పియానిస్టుల్లో ఒకడు. ప్రతిభ తక్కువా? కాదు. ఆ పాట ఆయన చేతుల్లోకి ఇంకా దిగలేదు. 1982లో ఆయన అదే పాటని మళ్ళీ తన ఆల్బమ్‌లో వాయించాడు. హాయిగా, నవ్వుతున్నట్టు. ఇరవై మూడేళ్ళ తర్వాత వెనక్కి వచ్చి ఆ పాటతో స్నేహం చేసుకున్నాడు. నాకు ఈ రెండో రికార్డు మొదటిదాని కంటే ఎక్కువ.

గోదారిగట్టు · సోమవారం మధ్యాహ్నం 1:10

నేను ఇక్కడ అందరికంటే చిన్నవాణ్ణి, ఇరవై మూడేళ్ళు. రాజమండ్రిలో గిటార్ వాయిస్తాను. ట్రేన్ అన్నా, ఫ్లానగన్ సంగతి తెలియదు, ఇప్పుడే రెండూ పక్కపక్కన విన్నాను. ఒళ్ళు జలదరించింది.

వెస్ మాంట్‌గోమరీ గురించి ఎవరూ రాయలేదు. ఇండియానాపొలిస్‌వాడు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ వయసులో చార్లీ క్రిస్టియన్ రికార్డు విని ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కున్నాడు. ఆ సోలోలు ఒక్కొక్కటీ అచ్చంగా నేర్చుకున్నాడు. మొదట్లో క్లబ్బుల్లో క్రిస్టియన్ సోలోలు వాయించి దిగిపోయేవాడు, అవి తప్ప ఇంకేం రావు. పగలు ఫ్యాక్టరీ, రాత్రి క్లబ్బు, ఇంట్లో పిల్లలు. పక్కవాళ్ళకి ఇబ్బంది అవుతుందని పిక్ వదిలేసి బొటనవేలితో మీటడం మొదలుపెట్టాడు. ప్రపంచంలో ఎవరికీ లేని ఆ మెత్తటి ధ్వని అలా వచ్చింది. 1960 జనవరిలో 'ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్' రికార్డు చేసేసరికి ఆయనకి ముప్ఫై ఆరు.

మేం ఉండేది రెండు గదుల ఇల్లు, నాన్నకి నైట్ డ్యూటీ, పగలు పడుకుంటారు. నేనూ రెండేళ్ళు బొటనవేలితోనే వాయించాను, ఆంప్ లేకుండా, గిటార్‌కి చెవి ఆనించి. తెల్లమెట్లు గారూ, పేజీ తీసేస్తే చేతులు ఆగిపోతాయన్నారు. మా మాస్టారు నాకు అసలు పేజీయే ఇవ్వలేదు. పాడు, పాడింది వాయించు అనేవారు. మీకు ఎవరూ అలా చెప్పలేదేమో, అంతే తేడా ఏమో అని నాకు అనిపించింది. తప్పుగా మాట్లాడితే క్షమించండి.

తెల్లమెట్లు_నల్లమెట్లు · సోమవారం సాయంత్రం 6:40

తప్పేం లేదు బాబూ. పదిహేనేళ్ళలో నన్ను ఒక్కరోజు కూడా ఎవరూ పాడమనలేదు. ఇది నాకు ఇప్పుడే తట్టింది.

శారద_డాలస్ · సోమవారం రాత్రి 8:05

తెల్లమెట్లు గారూ, మీ కోసం మేరీ లూ విలియమ్స్. ఆమె తల్లి ఆర్గన్ వాయించేది. చిన్నప్పుడు తన చెవితోనే వాయించేదట, తర్వాత టీచర్ దగ్గర నేర్చుకున్నాక పేజీ లేకుండా వాయించడం పోయింది. అందుకని కూతురి దగ్గరికి ఏ మ్యూజిక్ టీచర్నీ రానివ్వలేదు. బదులుగా వాయించేవాళ్ళని ఇంటికి పిలిచి కూతురికి వినిపించేది. మేరీ లూ ఆ తల్లి ఒళ్ళో కూర్చునే మొదలుపెట్టింది. పెద్దయ్యాక కాన్సాస్ సిటీలో ఆండీ కర్క్ బ్యాండ్‌ని నిలబెట్టింది, మంక్, బడ్ పవల్ లాంటివాళ్ళు హార్లెమ్‌లో ఆమె ఇంటికి వచ్చి కూర్చునేవాళ్ళు. మీకు జరిగింది ఆ తల్లికీ జరిగింది. మీలో ఏదో లేకపోవడం కాదు.

ట్రేన్ గారికి ఒక్క మాట. కోల్ట్రేన్ భార్య ఆలిస్ కోల్ట్రేన్‌ని కూడా వినిపించండి. డెట్రాయిట్ చర్చిలో ఆర్గన్‌తో మొదలై, హార్ప్ దాకా వెళ్ళి, చివరికి పుట్టపర్తి సాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలోని తన ఆశ్రమంలో భజనలు పాడింది. ఆ భజనల్లో డెట్రాయిట్ చర్చి, మన హార్మోనియం రెండూ వినిపిస్తాయి.

పాత_ఎల్పీలు · సోమవారం రాత్రి 11:20

శ్రోత గారూ, అమ్మాయికి ఒక్క రికార్డు ఇవ్వమంటే ఇది ఇస్తాను. 1936 నవంబర్ 9, షికాగో. 'లేడీ బి గుడ్'. కౌంట్ బేసీ వేరే కంపెనీతో ఒప్పందంలో ఉన్నాడు కాబట్టి లేబుల్ మీద జోన్స్-స్మిత్ ఇన్‌కార్పొరేటెడ్ అని పేరు వేశారు. శాక్సఫోన్ లెస్టర్ యంగ్. అప్పటికి ఆయనకి ఇరవై ఏడేళ్ళు, జీవితంలో మొదటి రికార్డింగ్ సెషన్. చిన్నప్పటినుంచి తండ్రి బ్యాండ్‌లో ఊరూరూ తిరిగి వాయించినవాడు. అరవై నాలుగు బార్ల సోలో. డ్రమ్స్ ఎవరో తెలుసా? జో జోన్స్. అదే ఏడాది పార్కర్ కాళ్ళ దగ్గర తాళం పడేసిన జో జోన్స్. పార్కర్ కొండల్లో కూర్చుని నేర్చుకున్న లెస్టర్ ఇదే లెస్టర్.

టెనర్ మీద వాయించింది, ఆల్టో మీద వేరే శ్రుతిలో వస్తుంది, పర్వాలేదు. ముందు శాక్సఫోన్ ముట్టుకోవద్దనండి. మొదటి ఎనిమిది బార్లు పాడమనండి. రామం గారి మాట ఇదే, గోదారిగట్టు కుర్రాడి మాస్టారి మాట ఇదే. నోటికి వచ్చాక వాయిద్యం తీయమనండి. వేగం సగానికి తగ్గించి వినిపించే యాప్‌లున్నాయి. రోజూ పావుగంట చాలు.

కృష్ణలంక_శ్రోత · మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:35

ఆలస్యానికి మన్నించండి. ఆ క్లాసు మానిపించేశాం. కొత్త మాస్టారి కోసం చూస్తున్నాం, ఎవరైనా తెలిస్తే చెప్పండి.

ఈ మూడు వారాలూ 'లేడీ బి గుడ్' ఒక్కటే. మొదటి వారం పాడటానికి సిగ్గుపడింది, మేడ మీదకి వెళ్ళి పాడుకునేది. రెండో వారంలో అన్నం తింటూ హమ్ చేస్తోంది, వాళ్ళమ్మకి కూడా నోటికొచ్చేసింది. మొన్నటినుంచి శాక్సఫోన్ తీసింది. సగం వేగంలో ఎనిమిది బార్లు వస్తున్నాయి, ఒక చోట రీడ్ కీచుమంటుంది. కింద పోర్షన్ పిన్నిగారు, "ఆ ఒక్క పాటేనా అమ్మా?" అని అడిగారు. అమ్మాయి నా వైపు చూసి, "పార్కర్ వాళ్ళమ్మని కూడా అడిగారు కదా నాన్నా" అంది.

ఈ సాయంత్రం చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ, ఉన్నట్టుండి ఆపేసి నన్ను పిలిచింది. ఒక హెడ్‌ఫోన్ నా చెవికి పెట్టింది. ఓ రెండు సెకన్లు వెనక్కి తిప్పి మళ్ళీ వినిపించింది. "ఇక్కడ ఊపిరి తీసుకుంటున్నాడు. నేను వేరే చోట తీసుకుంటున్నా, అందుకే నాది తెగిపోతోంది" అంది.

ఇరవై ఏళ్ళుగా ఆ రికార్డు వింటున్నాను. నేనెప్పుడూ గమనించలేదు.

పాత_ఎల్పీలు · ఆదివారం రాత్రి 9:58

రెండో ఎనిమిది బార్లు రేపే మొదలుపెట్టమనండి. నా దగ్గర ఆ రికార్డుకి శుభ్రమైన కాపీ ఉంది, ఊపిరి ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. సైట్‌లో మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.